మాట సాక్ష్యం: డెనే ప్రజల చరిత్ర మీద కొన్ని ఆలోచనలు

కొంతకాలం క్రితం ఒక సాహిత్య సభలో మౌఖిక సాహిత్యం గూర్చి మాట్లాడాను. చివర్లో ఒక యువ రచయిత లేచి, “మాస్టారూ, నోటిమాటగా వచ్చింది కథకు ముడిసరుకు అవుతుందేమోగాని చరిత్ర ఎలా అవుతుంది? చరిత్రకు ఆధారం కావాలిగదా?” అన్నాడు. ఆధారమంటే అతని దృష్టిలో శాసనం, తాళపత్రం, దస్తావేజు. నేనేదో సమాధానం చెప్పాను. సభ అయిపోయింది. కాని చెప్పిన సమాధానం నాకే తృప్తినివ్వలేదు. ఇరవయ్యేళ్ళుగా పిల్లలకు తెలుగు చెబుతున్నవాణ్ణి, ఎం.ఏ.లో జానపద వాఙ్మయం ప్రత్యేకంగా చదువుకున్నవాణ్ణి, ఆ ప్రశ్నకు ఉపమానాలతో బదులిచ్చానేగాని ఒక గట్టి ఉదాహరణ చూపలేకపోయాను.

ఆ ఉదాహరణ తర్వాత దొరికింది. అది కెనడా ఉత్తరాన, ఏడాదిలో సగానికి పైగా మంచు కప్పుకునే నేలమీద, డెనే అనే జాతి ప్రజల చరిత్రలో వుంది. అక్కడ ఈ ప్రశ్న సభలో కాదు, న్యాయస్థానంలోనే వచ్చింది.

ముందుగా పేర్ల సంగతి. డెనే అంటే వాళ్ళ భాషలో మనుషులు, ప్రజలు అని. తమ నేలను డెనెందే అంటారు, ప్రజల నేల అని. ఇంత సూటి పేరున్నవాళ్ళకు పటాల్లో కనిపించేవన్నీ పరాయివాళ్ళు పెట్టిన పేర్లే. పొరుగునవున్న క్రీ జాతివాళ్ళు వీరిలో తూర్పు శాఖను మొనదేలిన చర్మపు దుస్తులవాళ్ళు అన్న అర్థంలో పిలిస్తే అది ఇంగ్లీషువాళ్ళ నోట చిపెవయన్ అయింది. మరొక శాఖను క్రీలు బానిసలని ఈసడించిన మాటను తెల్లవర్తకులు తర్జుమా చేసుకుంటే అది స్లేవ్ అయింది. ఆ మాట అక్కడితో ఆగక ఆ ప్రాంతపు మహా సరస్సుకు కూడా అంటుకుని, ఈనాటికీ పటాల్లో అది గ్రేట్ స్లేవ్ సరస్సుగానే వుంది. త్లిచో ప్రజలు డాగ్‌రిబ్‌లయ్యారు. డెహ్‌చో, అంటే పెద్ద నది, 1789లో దాని వెంట సముద్రందాకా వెళ్ళిన అలెగ్జాండర్ మెకంజీ పేరిట మెకంజీ నది అయింది. ఆయన్ను అక్కడికి తీసుకుపోయినవాళ్ళలో, దారి చెప్పినవాళ్ళలో డెనేలున్నారు. పేరు మాత్రం ఆయనది.

భాషాశాస్త్రజ్ఞులు వీరి భాషలను అథపాస్కన్ కుటుంబమన్నారు. అదీ క్రీ భాషనుంచి వచ్చిన ఒక సరస్సు పేరే! ఈ కుటుంబపు వ్యాప్తి ఆశ్చర్యం గొలుపుతుంది. ఉత్తరధ్రువ మండలం అంచునుంచి వేల మైళ్ళు దక్షిణాన అరిజోనా, న్యూమెక్సికో ఎడారుల్లో వుండే నవహోలు, అపాచీలు మాట్లాడేవి కూడా ఈ కుటుంబపు భాషలే. నవహోలు తమను తాము దినే అని పిలుచుకుంటారు. మంచులో కారిబూ దుప్పుల్ని వేటాడేవాళ్ళకూ ఎడారిలో గొర్రెలు కాచేవాళ్ళకూ ‘మనిషి’ అన్న మాట ఒకటే. సైబీరియాలో యెనిసెయ్ నదీతీరపు కెట్ భాషతో ఈ కుటుంబానికి చుట్టరికముందని ఎడ్వర్డ్ వాజ్దా 2008లో ప్రతిపాదించాడు. పండితులందరూ దాన్ని ఇంకా ఒప్పుకోలేదు. ఆ వాదం తేలేది వ్యాకరణంలోనేగాని అభిమానంలో కాదు గనుక దాన్ని అక్కడే వదిలేద్దాం.

డెనే కథల్లో యమోరియా అనే మహాపురుషుడున్నాడు. మనుషుల్ని బాధించే బ్రహ్మాండమైన బీవర్లను వెంటాడి చంపి, మూడింటి చర్మాలను తులీతా దగ్గరి బేర్ రాక్ కొండకు సాగదీసి కట్టాడట. కొండ ముఖాన ఆ మూడు మచ్చలు ఈనాటికీ చూపిస్తారు. వాటి మాంసం కాల్చుకున్నప్పుడు కారిన కొవ్వు ఇంకా మండుతూనే వుందంటారు. నది ఒడ్డున నేలబొగ్గు పొరలు అంటుకుని పొగలు కక్కడం మెకంజీ కూడా చూసి రాసుకున్నాడు. ఒకే పొగను ఇద్దరూ చూశారు. ఒకరు దాన్ని దినచర్య పుస్తకంలో పెట్టారు, మరొకరు ప్రవర్తనా నియమాలతో కూడిన కథలో పెట్టారు. యమోరియా కథ వేటకథ మాత్రమే కాదు. ఎంత తీసుకోవాలి, ఎలా పంచుకోవాలి, జంతువుతో ఎంత మర్యాదగా వుండాలి అన్న ధర్మాలు అతను ఏర్పరచినవేనని వాళ్ళ నమ్మకం. నిప్పుకు ఇంత ఆహారం పెట్టి ప్రయాణం మొదలుపెట్టడం, డప్పు చుట్టూ అందరూ కలిసి ఆడే నృత్యం, చేతుల్లో వస్తువు దాచి ఎదుటి జట్టుచేత చెప్పించే పందెపు ఆట - ఇవన్నీ ఇప్పటికీ బతికే వున్నాయి.

ఇక లిఖిత చరిత్రకు వద్దాం. ఈస్టిండియా కంపెనీ చరిత్ర చదువుకున్న మనకు హడ్సన్స్ బే కంపెనీని పరిచయం చెయ్యనక్కర్లేదు. 1670లో ఇంగ్లండు రాజు, తాను చూడని, తనదికాని నేలను ఒక పట్టా ద్వారా ఆ కంపెనీకి ధారాదత్తం చేశాడు. యూరప్ టోపీల ఫ్యాషన్‌కు బీవర్ బొచ్చు కావాలి. ఆ బొచ్చుకోసం కంపెనీ తుపాకులు మొదట క్రీల చేతికొచ్చాయి. తుపాకి లేని డెనేలు చచ్చారు, బందీలయ్యారు.

అలా 1713లో బందీగా పోయిన ఒక డెనే యువతి థానాడెల్థర్. మరుసటి ఏడు తప్పించుకుని, తోడువచ్చిన స్త్రీ దారిలో చనిపోగా, ఒంటరిగా యార్క్ కోట చేరింది. కోట అధికారి జేమ్స్ నైట్‌కు డెనేలతో వ్యాపారం కావాలి. దానికి ముందు క్రీలకూ డెనేలకూ సంధి కావాలి. 1715లో విలియం స్టువార్ట్ అనే ఉద్యోగితో, సుమారు నూట యాభైమంది క్రీలతో ఆమె బయలుదేరింది. ఆకలికీ జబ్బుకీ జట్టు చెదిరిపోయింది. దారిలో క్రీలు చంపిన డెనేల శవాలు కనబడేసరికి మిగిలినవాళ్ళు తిరిగిపోదామన్నారు. పదిరోజులు ఆగండి, మావాళ్ళను తెస్తానని చెప్పి ఆమె ఒక్కతే మంచులోకి వెళ్ళింది. వందకు పైగా తనవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. నచ్చజెప్పి నచ్చజెప్పి ఆమె గొంతు బొంగురుపోయిందట. సంధి కుదిరింది. 1717 ఫిబ్రవరిలో ఆమె జబ్బుచేసి చనిపోయినప్పుడు నైట్ తన దినచర్యలో ఎంతో బాధతో రాసుకున్నాడు.

కంపెనీ రాతల్లో ఆమె వ్యాపారానికి దారి తెరిచిన ‘బానిస స్త్రీ’. డెనే నోట ఆమె కథ వేరుగా బతికింది. అక్కడ ఆమె బందీగా పోవడం, తప్పించుకు రావడం ముఖ్యం, కోట ఒక మలుపు మాత్రమే. రెండు కథనాలూ ఒక మనిషి గూర్చే. రెండూ పక్కపక్కన పెడితేగాని ఆ మనిషి కనబడదు.

కాగితాన్ని నమ్మినవాళ్ళు ఇంకొక సంగతి ఆలోచించాలి. శామ్యూల్ హెర్న్ అనే కంపెనీ ఉద్యోగి, మటోనబీ అనే డెనే నాయకుడి అండతో 1771లో ఉత్తర సముద్రతీరం చేరాడు. అంతకుముందు హెర్న్ చేసిన రెండు ప్రయాణాలూ విఫలమయ్యాయి. స్త్రీలను వెంట తీసుకుపోకపోవడమే అందుకు కారణమని మటోనబీ తేల్చాడు. బరువు మొయ్యాలన్నా, గుడారం వెయ్యాలన్నా, చెప్పులు కుట్టాలన్నా స్త్రీలే కావాలిగదా! ఆ మెచ్చుకోలు వెనక స్త్రీ శ్రమ దోపిడి కనబడకుండా పోదు. ఆదివాసీ సమాజమనగానే అన్నీ సమానమే అనుకునే మన అమాయకత్వానికి ఇదొక చురక. ఆ ప్రయాణం చివర్లోనే హెర్న్‌తో వచ్చిన డెనేలు నదీతీరంలో నిద్రిస్తున్న ఇన్యూట్ కుటుంబాలమీద పడి సుమారు ఇరవైమందిని చంపారు. ఆ చోటుకు బ్లడీ ఫాల్స్ అని పేరు. హెర్న్ పుస్తకం 1795లో, ఆయన చనిపోయాక వచ్చింది. అందులోని బీభత్స వర్ణనలు అచ్చుకోసం పెంచి రాసినవని, చేతిరాత ప్రతులతో పోల్చి చూసిన పరిశోధకులు కొందరు వాదించారు. హత్యాకాండ జరగలేదని కాదు, జరిగింది. కాని దస్తావేజుకు కూడా పాఠకులుంటారు, ప్రచురణకర్త వుంటాడు, అలంకారశాస్త్రముంటుంది. హత్య చేసినవాళ్ళ, చనిపోయినవాళ్ళ వారసులు 1996లో అదేచోట కలుసుకుని గాయం మాన్పుకునే క్రతువు చేసుకున్నారు.

1781-82లో మసూచి వచ్చింది. తూర్పు డెనేల్లో పదింట తొమ్మిదిమంది పోయారని హెర్న్ అంచనా. అంకె అతిశయం కావచ్చు, నాశనం మాత్రం అతిశయం కాదు. 1928లో కంపెనీ సరుకుల ఓడ వెంట ఇన్‌ఫ్లూయెంజా వచ్చి నది పొడుగునా ఊళ్ళను ఊడ్చేసింది. పెద్దవాళ్ళు పోయారు. మౌఖిక సంప్రదాయంలో పెద్దవాళ్ళు పోవడమంటే గ్రంథాలయం తగలబడడమే అని మనమంటూంటాం. కాని ఈ పోలిక కూడా నాకు నచ్చదు. పుస్తకాలను మళ్ళీ అచ్చు వేయించుకోవచ్చు.

1870లో కంపెనీ తన హక్కుల్ని మూడు లక్షల పౌన్లకు వదులుకోగా ఆ నేలంతా కెనడా చేతికొచ్చింది. అందులో బతికేవాళ్ళను ఎవరూ అడగలేదు. తర్వాత కూడా చాలాకాలం ప్రభుత్వానికి వాళ్ళతో పనిపడలేదు. క్లాండైక్ బంగారంకోసం జనం ఎగబడినప్పుడు పనిపడింది. 1899లో ఎనిమిదో ఒడంబడిక జరిగింది. 1920లో నార్మన్ వెల్స్‌లో చమురు పడింది. 1921లోనే పదకొండో ఒడంబడిక వచ్చింది. తారీఖులే కార్యకారణ సంబంధం చెబుతున్నాయి. వ్యాఖ్యానం దండగ.

ఒడంబడిక కాగితంలో ఏముంది? డెనేలు తమ భూమిమీద సమస్త హక్కులనూ వదులుకుంటున్నారని వుంది. బదులుగా మనిషికి ఏడాదికి ఐదు డాలర్లు. (ఆ ఐదు ఇప్పటికీ ఐదే.) డెనే నోట ఏముంది? తెల్లవాళ్ళు వస్తారు, వాళ్ళతో సఖ్యంగా వుంటాం, మా వేటకూ చేపలకూ ఎవరూ అడ్డురారు అని. ఫోర్ట్ రేలో మోన్ఫ్వీ అనే త్లిచో నాయకుడు, సూర్యుడు ఉదయించినంతకాలం, నది పారినంతకాలం తమకు అడ్డంకులుండవని మాట తీసుకున్నాకే ఒప్పుకున్నాడని వాళ్ళ పిల్లలకు పిల్లలు చెబుతారు. కమిషనర్ కాన్రాయ్ తెచ్చిన కాగితం మాత్రం ఒటావాలో ముందే రాసినది. దానిలో మార్పులు చేసే అధికారం ఆయనకు లేదు. మాట్లాడింది ఒకటి, రాసుకుంది ఒకటి. మన పల్లెల్లో వడ్డీ వ్యాపారి దగ్గర వేలిముద్ర వేసిన రైతుకు ఇది కొత్త కథ కాదు.

ఇప్పుడు ఆ యువ రచయిత ప్రశ్న దగ్గరికి వస్తాను. 1973లో పదహారుమంది డెనే నాయకులు సుమారు నాలుగు లక్షల చదరపు మైళ్ళ నేలమీద తమకు హక్కుందని, దాన్ని రిజిస్టరులో నమోదు చెయ్యాలని కోరారు. విచారణ విలియం మారో అనే న్యాయమూర్తి ముందుకు వచ్చింది. విచారణే జరగకుండా ఆపాలని ప్రభుత్వం చూసింది, సాగలేదు. మారో కోర్టును ఊరూరికీ తీసుకుపోయాడు. ఒడంబడిక నాటికి చిన్నపిల్లలుగానో యువకులుగానో వున్న వృద్ధులు బతికుండగానే వాళ్ళ మాట వినాలని ఆయన తొందర. దుబాసీల ద్వారా సాక్ష్యం తీసుకున్నాడు. ఆనాడు ఏం మాట్లాడారో, ఏ మాట అసలు రాలేదో వాళ్ళు చెప్పారు. భూమిని ఇచ్చేయడం అన్న భావాన్ని తమ భాషలోకి ఎవరైనా ఎలా తెచ్చి వుంటారన్నది అసలు చిక్కు. ఆ సెప్టెంబరులో మారో తీర్పు ఇచ్చాడు. హక్కులు వదులుకున్నారన్నది అనుమానాస్పదమనీ, డెనేలకు ఆ నేలమీద హక్కుందని వాదించడానికి తగిన ఆధారముందనీ అన్నాడు. కాగితం మీది కొన్ని సంతకాల విషయంలోనూ సందేహం వ్యక్తం చేశాడు. ఇక్కడ దస్తావేజు తడబడింది, నోటిమాట నిలబడింది.

అంతటితో విజయం అనడానికి లేదు. 1976లో కెనడా సుప్రీంకోర్టు, పట్టా కాని ప్రభుత్వ భూమిమీద అలాంటి నమోదు చెల్లదన్న సాంకేతిక కారణంతో దాన్ని కొట్టేసింది. వృద్ధుల సాక్ష్యం అబద్ధమని మాత్రం అనలేదు.

అదే సమయంలో మెకంజీ లోయ పొడుగునా సహజవాయువు గొట్టం వెయ్యాలని పెద్ద కంపెనీలు దిగాయి. దాని మీద విచారణకు 1974లో థామస్ బర్జర్‌ను నియమించారు. ఆయన 35 ఊళ్ళు తిరిగి సుమారు వెయ్యిమంది మాటలు విన్నాడు. మత్స్యకారుడు, ముసలవ్వ, బడిపిల్లలు, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. ప్రతి సాయంత్రం ఆ సాక్ష్యాలు స్థానిక భాషల్లో రేడియోలో వచ్చేవి. ఒక ఊరివాడు చెప్పింది ఇంకొక ఊరివాడు విని, తన వంతు వచ్చినప్పుడు దానికి జతచేసేవాడు. ఫోర్ట్ గుడ్ హోప్‌లో ఫ్రాంక్ త్సెలీ అనే యువ నాయకుడు గొట్టం కంపెనీ అధ్యక్షుడికి ఎదురుగా నిలబడి చేసిన ప్రసంగాన్ని డెనేలు ఇప్పటికీ తలుచుకుంటారు. 1977 నివేదికలో బర్జర్, భూమి హక్కుల సంగతి తేల్చేందుకు పదేళ్ళపాటు గొట్టం ఆపమన్నాడు. ఆగింది. తర్వాత 1985లో నార్మన్ వెల్స్‌నుంచి చమురు గొట్టం పడిందన్నది కూడా చెప్పుకోవాలి. వాయువు గొట్టం ఆలోచన మళ్ళీ లేచి, అనుమతులు తెచ్చుకుని, చివరకు 2017లో కంపెనీలే లాభం లేదని వదిలేశాయి.

ఈ విచారణ మధ్యలోనే, 1975 జూలైలో ఫోర్ట్ సింప్సన్‌లో డెనేలు ఒక ప్రకటన చేశారు. తాము ఒక జాతి అని, ఆసియా ఆఫ్రికా ప్రజలవలెనే తమకూ స్వయంనిర్ణయాధికారం కావాలని, దాన్ని కెనడా లోపలే కోరుతున్నామని దాని సారాంశం. ఆనాటి మంత్రి దాన్ని పదో తరగతి కుర్రాడు పదిహేను నిమిషాల్లో రాయగల గజిబిజి రాత అని ఎగతాళి చేశాడు. పదో తరగతికి పాఠం చెప్పేవాణ్ణి గనుక ఒక మాట అంటాను. నా విద్యార్థుల్లో ఒక్కడు అలాంటి పేజీ రాసినా ఆ ఏడాదికి నా జీతం గిట్టినట్టే.

మనకు మరింత దగ్గరి విషయం ఇంకొకటి. ఎల్లోనైవ్స్ డెనే శాఖకు చెందిన గ్లెన్ కూల్‌తార్డ్ 2014లో ఒక పుస్తకం రాశాడు. పేరులోనే ఫానన్‌తో సంభాషణ వుంది. లోపల మార్క్స్‌తో వుంది. ఆదిమ సంచయం గూర్చి మార్క్స్ చెప్పింది రైతును భూమినుంచి వెళ్ళగొట్టి కూలివాణ్ణి చెయ్యడం. డెనేల విషయంలో పెట్టుబడికి వాళ్ళ శ్రమ అంతగా అక్కర్లేదు, భూమి కావాలి. కాబట్టి ఇక్కడ కేంద్రం శ్రమ దోపిడి కాదు, నేలనుంచి తొలగింపు. అదీ ఒకప్పుడు జరిగి అయిపోయింది కాదు, ఇంకా జరుగుతూంది. మన విమర్శలో గిరిజన సమాజాన్ని ఆదిమ సామ్యవాద దశ అని ఒక మెట్టుమీద కూర్చోబెట్టి, చరిత్ర రైలు వచ్చి ఎక్కించుకుపోతుందని ఎదురుచూడమనే అలవాటుంది. నేనూ అలాగే రాశాను, ఇదే పద్ధతిలో వ్యాసాలు అచ్చయ్యాయి. కూల్‌తార్డ్‌ను చదివాక ఆ వాక్యాలు మళ్ళీ చదువుకోవడం కష్టమైంది. ఆయనతో నాకు తగాదా లేకపోలేదు. గుర్తింపు రాజకీయాలనుంచి పక్కకు తప్పుకోమనే ఆయన వాదం, ప్రభుత్వపు బడి, ఆస్పత్రి ఇంకా అందనివాళ్ళకు ఎంతవరకు వర్తిస్తుందన్నది నా సందేహం. అయినా మార్క్స్‌ను సవరిస్తూ మార్క్స్‌తో నడవడం ఎలాగో ఆయన చూపిన చోట చూపాడు.

నేలనుంచి తొలగింపు ఎలా వుంటుందో చూడాలంటే గ్రేట్ బేర్ సరస్సు దగ్గరికి పోవాలి. 1930లో అక్కడ రేడియం, యురేనియం వున్న ఖనిజం దొరికింది. ఖనిజాన్ని నలభై అయిదు కిలోల గోతాల్లో భుజాలమీద పడవలకు ఎక్కించినవాళ్ళు డెలినే ఊరి డెనేలు. ఆ దుమ్ము ఏమిటో వాళ్ళకెవరూ చెప్పలేదు. అమెరికా అణుబాంబు పథకానికి వాడిన యురేనియంలో ఎక్కువభాగం కాంగోది. కొంత ఈ సరస్సు గట్టుది. తర్వాతి కాలంలో ఆ కూలీలు కాన్సర్లతో పోయారని, ఊరంతా వితంతువులే మిగిలారని డెలినే ప్రజలు చెప్పారు. 2005 నివేదిక దానికి శాస్త్రీయంగా ముడి వెయ్యలేమంది. మళ్ళీ అదే తగాదా, మాటకూ కాగితానికీ. అంతకుముందే, 1998లో, డెలినే ప్రజల ప్రతినిధులు కొందరు హిరోషిమా వెళ్ళారు. తమ నేలనుంచి పోయిన మట్టివల్ల చచ్చినవాళ్ళకు క్షమాపణ చెప్పుకోవడానికి. బాంబు చేసినవాళ్ళు చెప్పని క్షమాపణ అది. ఎల్లోనైఫ్‌లో జెయింట్ గని మూతబడ్డాక నేలకింద 2 లక్షల 37 వేల టన్నుల ఆర్సెనిక్ ధూళి మిగిలింది. అది కూడా ఆ నేలమీద ఇప్పుడున్నవాళ్ళ వారసత్వమే.

బళ్ళ సంగతి బడిపంతులుగా రాయడం సిగ్గుగా వుంది. మిషన్లు, ప్రభుత్వం కలిసి నడిపిన వసతి పాఠశాలలకు కెనడా అంతటా లక్షా యాభైవేలకు పైగా ఆదివాసీ పిల్లల్ని పంపారు. అమ్మభాష మాట్లాడితే శిక్ష. ప్రధానమంత్రి 2008లో పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. ఇప్పుడు ఆ వాయవ్య భూభాగంలో అధికార భాషలు పదకొండు. వాటిలో అయిదు డెనే భాషలు. కాని 2014లో ఒక డెనే తల్లి బిడ్డకు పెట్టుకున్న పేరులో గొంతు బిగించి పలికే ధ్వనికి వాడే ఒక అక్షరాన్ని, అది రోమన్ అక్షరం కాదని జనన రిజిస్టరువాళ్ళు ఒప్పుకోలేదు. భాష అధికారికం, అక్షరం కాదు! మనం బండి ‘ఱ’ను మన చేతులతోనే వదులుకున్నాం. ఆ తల్లి ఒక్క అక్షరంకోసం దరఖాస్తులు పెట్టింది.

త్లిచో ప్రజలు భూమి ఒప్పందం సాధించి, 2005నుంచి సుమారు 39 వేల చదరపు కిలోమీటర్ల నేలకు యజమానులుగా, తమ ప్రభుత్వాన్ని తామే నడుపుకుంటున్నారు. డెలినే 2016లో స్వపరిపాలన తెచ్చుకుంది. ఒప్పందాలన్నీ ఒక తీరుగా లేవు, కొన్ని శాఖల చర్చలు ఇంకా సాగుతూనే వున్నాయి.

ఆ త్లిచోలకు చెందిన కారిబూ చర్మాల గుడారమొకటి 1893లో ఒక అమెరికన్ సేకర్త కొనుక్కుని అయోవా విశ్వవిద్యాలయపు మ్యూజియంకు పట్టుకుపోయాడు. అక్కడ నూరేళ్ళు మూటగానే వుంది. ఊళ్ళో ఎవరిదగ్గరా అలాంటిది మిగల్లేదు. 1997లో అది ఎల్లోనైఫ్‌కు తిరిగొచ్చింది. చూడవచ్చిన ముసలివాళ్ళు కుట్ల దగ్గరికి వంగి చూశారు. తర్వాత త్లిచో ఆడవాళ్ళు కూర్చుని, చర్మాలు పదునుచేసి, అలాంటి గుడారాలు మళ్ళీ కుట్టారు.